గర్భసంచి ఆపరేషన్ – స్త్రీ మనసు – మన బాధ్యత

ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదు. శారీరకంగా, మానసికంగా, సామాజికంగా బాగుండటమే ఆరోగ్యమని 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి చెబుతోంది. కాని మన పల్లెల్లో స్త్రీల వైద్యం విషయంలో శరీరాన్ని చూసినంతగా మనసును చూడటం లేదు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇందుకు మనందరికీ తెలిసిన ఉదాహరణ గర్భసంచి ఆపరేషన్.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి.

ఎందుకు ఇన్ని ఆపరేషన్లు?

మొదటిది, "పిల్లలు పుట్టారు, ఇంక సంచితో పనేముంది?" అనే భావన. మన రాష్ట్రంలో చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే కాన్పులు, ఆ తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మామూలైపోయాయి. అక్కడితో గర్భసంచి పని అయిపోయిందని అనుకుంటారు.

రెండవది, క్యాన్సర్ భయం. "పుండు పడింది, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాట చాలు, అప్పు చేసైనా ఆపరేషన్ చేయించుకుంటారు. నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్.పి.వి. అనే వైరస్ ఏళ్ళ తరబడి శరీరంలో నిలిచిపోవడం. ముందుగా గుర్తించడానికి పాప్ స్మియర్ వంటి తేలికైన పరీక్షలున్నాయి. ప్రతి పుండూ క్యాన్సర్ కాదు.

మూడవది, కూలి. మిరపకోతల రోజుల్లో ఒక్క పూట మానినా కూలి పోతుంది. చేలో మరుగుదొడ్డి ఉండదు, గుడ్డ మార్చుకునే చాటు ఉండదు. నెలనెలా ఈ అవస్థ పడేకంటే ఒక్కసారిగా తీయించుకుంటే పీడా పోతుందని అనిపించడంలో వింత లేదు.

తెల్లబట్ట వెనుక దిగులు

గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం రెండు వేలమందికి పైగా స్త్రీలను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించింది. తెల్లబట్ట అవుతోందని చెప్పిన స్త్రీలలో ఆ బాధకు ఇన్‌ఫెక్షన్ కంటే మానసిక వేదనతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. మన అమ్మలు "నాకు దిగులుగా ఉంది" అని డాక్టరుతో అనరు. నడుం నొప్పి, నీరసం, కళ్ళు తిరగడం, తెల్లబట్ట అంటారు. భర్త తాగుడు, అప్పుల బాధ ఆ మాటల్లోనే దాగి ఉంటాయి. అడిగేవారు లేకపోతే చివరికి సంచి పోతుంది, దిగులు మాత్రం ఉండిపోతుంది.

ఆపరేషన్ తరువాత

అవసరమైన ఆపరేషన్ మేలే చేస్తుంది. పెద్ద గడ్డలు, క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నవారికి తరువాత మనసు కూడా తేలికపడుతుంది. అయితే నలభై ఏళ్ళలోపే అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్లు ఒక్కసారిగా తగ్గిపోతాయి. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు, ఎముకల బలహీనత వస్తాయి. ఇవి వస్తాయని ముందుగా చెప్పకపోతే ఆమె తనకేదో అయిందని భయపడుతుంది. ఇంట్లోవాళ్ళు "పని ఎగ్గొట్టడానికి వంకలు" అంటారు. భర్తకు పనికిరానేమోననే బెంగ కూడా కొందరిలో ఉంటుంది. విషయం తెలుసుకుని, తానే నిర్ణయించుకున్న స్త్రీ ఈ మార్పులను ధైర్యంగా తట్టుకోగలుగుతుంది.

చట్టం ఏమంటుంది?

సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసు అది. ప్రాణాపాయ స్థితి తప్ప, తానే నిర్ణయించుకోగల స్త్రీ తరఫున మరొకరు అంగీకారం ఇవ్వడం చెల్లదు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను సుప్రీంకోర్టు ఆదేశించింది.

మనం చేయవలసింది

మిత్రులారా! మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మా వాడలో ఎవరికి ఆస్పత్రి కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. మీలో చాలామంది పరిస్థితీ ఇదే. కాబట్టి సంతకం పెట్టకముందు డాక్టరుగారిని ఇవి అడగండి:

1. జబ్బు పేరేమిటి? ఏ పరీక్షలో తేలింది?
2. మందులతోగాని, హార్మోన్ ఉన్న లూప్‌తోగాని తగ్గదా?
3. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?
4. కొన్నాళ్ళు ఆగితే ప్రమాదమా?
5. తరువాత ఏ మార్పులు వస్తాయి?

వీలైతే గుంటూరు లేదా ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రిలో రెండవ డాక్టరు సలహా తీసుకోండి. దిగులు ఎక్కువగా ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

మగపిల్లలు ఇది ఆడవాళ్ళ సంగతని పక్కకు తప్పుకోవద్దు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ పక్కన కూర్చుని "ఒంట్లో ఎలా ఉంది? మనసులో ఏముంది?" అని రెండూ అడగండి. చెప్పేదాకా ఓపికగా వినండి. మన చదువు ముందుగా ఉపయోగపడవలసింది వాళ్ళకే.