ఫార్మాట్ జోలికి పోకు

చిన్నీ,

పెన్‌డ్రైవ్ రావట్లేదని దాన్ని ఫార్మాట్ చేసే ఆలోచన ముందు మానుకో. నువ్వు పంపిన ఎల్ఎస్‌బీఎల్‌కే డిస్కుల జాబితా ఇంకోసారి చూడు. అందులో ఉన్నది ఎస్‌డీఏ ఒక్కటే. అది నీ లాప్‌టాప్ డిస్కు తల్లీ! దాన్నే పెన్‌డ్రైవ్ అనుకుని ఫార్మాట్ చేసే ఎమ్‌కేఎఫ్ఎస్ కొట్టావంటే లాప్‌టాప్ మొత్తం ఊడ్చుకుపోవచ్చు. ఆ సలహా ఇచ్చిన హాస్టల్ మహానుభావుల్ని కొన్నాళ్లు దూరంగా ఉంచు.

పెన్‌డ్రైవ్ లైటు వెలుగుతోంది కదా, మరేం రోగం అని అడిగావు. లైటు వెలిగిందంటే ఐదు వోల్టుల కరెంటు అందుతోందని, అంతే. నీ పెన్‌డ్రైవ్ పాత యూఎస్‌బీ 2 రకం కాబట్టి దాని పిన్నులోకి తొంగి చూడు, నాలుగు పట్టీలుంటాయి. అంచుల్లోవి కాస్త పొడుగు, అవి కరెంటువి. మధ్యలోని పొట్టివి డేటావి. ముందు కరెంటు తగలాలి, ఆ తర్వాతే డేటా కదలాలని కావాలనే అలా చేశారు. మధ్య పట్టీలకు మురికి పట్టినా లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అలాంటప్పుడు డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ రాసుకునే చిట్టాలో, తరచూ ‘ఎర్రర్ -71’ అని పడుతుంది. పోర్టు మార్చడం, హబ్ తీసేయడం అప్పటి వైద్యం.

నీది ఆ కేసు కాదు. యూఎస్‌బీ పరికరాలు చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పేరు వచ్చింది, ఎల్ఎస్‌బీఎల్‌కేలో మాత్రం దానికి రావాల్సిన ఎస్‌డీబీ రాలేదు. నేను ఎప్పుడూ చెప్పేదీ, నువ్వు ఎప్పుడూ విననిదీ ఇదే: ‘రావట్లేదు’ అని చేతులెత్తేయకు, ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడు. మా ల్యాబ్‌లో పిల్లల చేత ముందు డీమెసేజ్ తెరిపించి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ పెట్టిస్తాను. వచ్చిన ప్రతి లైనూ పైకి చదవమంటాను. విసుక్కుంటారు. కానీ చదువుతూ చదువుతూ సగంలో వాళ్లే ‘ఆఁ, దొరికింది సార్’ అంటారు. కెర్నెల్ ఏదీ దాచుకోదమ్మా, మనమే చదవం.

నీ విషయంలో ఆగింది యూఎస్‌బీ-స్టోరేజ్ మాడ్యూల్ దగ్గర, అంటే పెన్‌డ్రైవ్‌ను డిస్కుగా చూపే కెర్నెల్ ముక్క దగ్గర. ఎందుకో కూడా నువ్వే రాశావు, అదీ చివర్లో, మామూలు కబురులా: రాత్రి అప్‌డేట్ పెట్టావు, రీస్టార్ట్ చేయలేదు. నీ ఆర్చ్ లినక్స్‌లో కొత్త కెర్నెల్ ఎక్కగానే పాతదాని మాడ్యూళ్ల ఫోల్డరు తీసేస్తుంది. నడుస్తున్నది మాత్రం పాత కెర్నెలే. మౌసు మాడ్యూల్ ముందే మెమరీలో ఉంది కాబట్టి మౌసు ఆడుతోంది. స్టోరేజ్ మాడ్యూల్ అవసరం ఇప్పుడు పడింది, వెళ్లి చూస్తే ఫోల్డరే లేదు.

వెంటనే రీస్టార్ట్ కొట్టేయకు. ముందు యూనేమ్ -ఆర్ ఇచ్చి, వచ్చిన నంబరు పేరుతో యూఎస్ఆర్/లిబ్/మాడ్యూల్స్‌లో ఫోల్డరు ఉందో లేదో చూసుకో. చూడకుండా రీస్టార్ట్ చేసినా బాగవుతుంది, కానీ ఎందుకు బాగైందో నీకు తెలియదు. వచ్చే నెల మళ్లీ నాకే రాస్తావు.

రీస్టార్ట్ తర్వాత ఎస్‌డీబీ వచ్చి, సైజు సున్నా అని చూపిస్తే చాలావరకు చిప్పు దెబ్బతిన్నట్టే. ఇక దాన్ని కెలక్కుండా నా దగ్గరికి తీసుకురా. సైజు సరిగ్గా ఉంటే ముందు ప్రాజెక్టు రిపోర్టు ఇంకోచోట కాపీ చెయ్యి. ఇప్పటికే రెండో కాపీ ఉందా అని అడగను, లేదని తెలుసు.

మీ మావయ్య