దళితబంధు వాహనదారులకు: సెల్ఫ్ పడకపోతే, బ్యాటరీ కొనే ముందు కేబుల్ చూడండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో దళితబంధు కింద కారు, గూడ్స్ ఆటో, పికప్ తీసుకున్న లబ్ధిదారుల కోసం ఈ పాఠం. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలైన ఈ పథకం తర్వాత మన నియోజకవర్గాలకూ వచ్చింది. యూనిట్‌కు 10 లక్షల రూపాయలు. అది అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు. అయితే బండి చేతికొచ్చాక రిపేరు ఖర్చు మాత్రం యజమానిదే. 2022లో రోడ్డెక్కిన బండ్లకు ఇప్పుడు మూడేళ్లు దాటాయి. ఈ వయసులో బండి పెట్టే పేచీల్లో ముందు వరుసలో ఉండేది "సెల్ఫ్ పడతలేదు" అన్నదే.

కోరుట్ల వైపు కారు నడిపే ఒక లబ్ధిదారు చెప్పిన సంగతి ఇది. దుబాయి పోయే ప్యాసింజర్‌ను రాత్రి రెండు గంటలకు ఎక్కించుకోవాలి, శంషాబాద్ దాకా ఐదారు గంటల దారి. తాళం తిప్పితే టక్ టక్ అన్న చప్పుడు తప్ప ఇంజను తిరగలేదు. ప్యాసింజర్ వేరే కారులో పోయాడు. కిరాయి పోయింది, ఆ ఇంటివాళ్లు మళ్లీ పిలవలేదు. తెల్లారి కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు. వారం తిరగకముందే మళ్లీ అదే టక్ టక్. పాడైంది బ్యాటరీ కాదు, మైనస్ కేబుల్. కొన్ని వందల్లో పోయే పనికి వేలు ఖర్చయ్యాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో ముందు తెలుసుకుందాం. రెండు హెడ్‌లైట్లు కలిసి దాదాపు 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోల్ కారులోనే 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ బండిలో ఇంకా ఎక్కువ. కేబుల్ చివర చిలుము పట్టి ఓంలో వందో వంతు నిరోధం అడ్డం వచ్చిందనుకోండి. 150 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు అక్కడే వేడిగా మారి పోతుంది. అందుకే లైట్లు, హారన్ బాగానే పని చేస్తాయి, సెల్ఫ్ మాత్రం పడదు. సిరిసిల్లలో మరమగ్గం మోటారు దగ్గర వైరు లూజై కాలిపోవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మల్టీమీటర్ ఉంటే అనుమానం రెండు నిమిషాల్లో తీరుతుంది. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఇంజను ఆపి కొన్ని గంటలైన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే ఉన్నట్టు. తర్వాత బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. మీటరు ముళ్లు క్లాంపు మీద కాదు, బ్యాటరీ సీసపు పోస్టుల మీదే ఆనించాలి. తిప్పేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ మీదే అనుమానం. 11, 12 దగ్గరే నిలబడి మోటారు మాత్రం మూలుగుతుంటే దోషం కేబుల్‌లోనో, సెల్ఫ్ మోటారులోనో ఉంది. ఏదో తేల్చడానికి ఒక ముల్లు మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజను మీద శుభ్రమైన ఇనుము దగ్గర పెట్టి మళ్లీ తిప్పమనండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ పోయినట్టే. ప్లస్ పోస్టుకూ సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకూ మధ్య ఇలాగే చూస్తే 0.5 దాటకూడదు.

మీటరు లేకపోతే కళ్లే మీటరు. క్లాంపు దగ్గర తెల్లటి, పచ్చటి పొడి ఉందా? రబ్బరు ఉబ్బి గట్టిపడిందా? ఎలుక కొరికిందా? గూడ్స్ ఆటోల్లో బ్యాటరీ చాసిస్ పక్కన వేలాడుతుంటుంది కాబట్టి బురద, నీళ్లు నేరుగా తగులుతాయి. వాటిని వానాకాలం కాగానే చూడాలి. ఒక్కోసారి కేబుల్ బాగానే ఉంటుంది, పొడి మాత్రమే పట్టి ఉంటుంది. అప్పుడు కేబుళ్లు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, ఆరబెట్టి బిగిస్తే చాలు. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు.

మార్చాల్సిందే అయితే కేబుల్ ఎంపిక దగ్గర పిసినారితనం వద్దు. పాత కేబుల్ విప్పి దుకాణానికి తీసుకెళ్లి, అదే పొడవు, అదే లావు లేదా కొంచెం ఎక్కువ లావు అడగండి. చిన్న పెట్రోల్ కారుకు 25 చదరపు ఎంఎం, డీజిల్‌కు 35 లేదా అంతకు మించి వాడటం మామూలు. లోపల పూర్తి రాగి ఉండాలి. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నవి చవకగా దొరుకుతాయి. చివర గోకి చూస్తే తెల్లగా కనపడతాయి, అవి తీసుకోవద్దు. లగ్గును సుత్తితో కొట్టి అతికిస్తే ఆరునెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. క్రింపింగ్ మిషనుతో నొక్కించుకోండి. ప్లస్ పోస్టు మైనస్ కంటే కొంచెం లావుగా ఉంటుంది, అందుకే క్లాంపులు ఒకదానికి ఒకటి సరిపోవు.

ఇక పని. తాళం తీసి ఐదు నిమిషాలు ఆగండి. ఉంగరం, వాచీ, చేతి కడియం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీలోంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, చిన్న మంట తగిలినా పేలుతుంది. మనది బీడీల ప్రాంతం కాబట్టి మరోసారి చెప్తున్నా, నోట్లో బీడీ పెట్టుకుని బోనెట్ ఎత్తవద్దు. యాసిడ్ చర్మానికి తగిలితే వెంటనే ధారగా నీళ్లతో కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి పోవాలి.

ముందు మైనస్ విప్పాలి, తర్వాతే ప్లస్. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, ముందు ప్లస్, చివరికి మైనస్. కారణం ఇది: బండి బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలిందంటే వందల ఆంపియర్లు పానాలోంచే పోతాయి. నిప్పులు లేస్తాయి, పానా ఎర్రగా కాలుతుంది. చాలా కార్లకు 10 నంబరు పానా సరిపోతుంది. క్లాంపు రాకపోతే అటూ ఇటూ మెల్లగా తిప్పండి. స్క్రూడ్రైవర్‌తో పైకి ఎత్తితే పోస్టు కదిలి బ్యాటరీయే పాడవుతుంది.

చాలామంది పట్టించుకోని చోటు ఎర్త్ కేబుల్ అవతలి చివర, అంటే బాడీకి, ఇంజనుకు బోల్టు వేసిన దగ్గర. అక్కడ రంగు, తుప్పు సాండ్‌పేపరుతో గీకి ఇనుము మెరిసేలా చేసి బిగించి, పైన వాసెలిన్ పూయండి. పోస్టుల మీద కూడా అంతే, బిగించాకే పూయాలి. కొత్త కేబుల్ పాతది పోయిన దారిలోనే పోవాలి. సైలెన్సర్ పైపుకు, ఫ్యానుకు దూరంగా టై వేసి కట్టండి.

కొన్ని పనులు ఇంట్లో వద్దు. సెల్ఫ్ మోటారు కిందివైపు ఉండి జాకీ ఎత్తి దూరాల్సి వస్తే ఎలక్ట్రీషియన్ దగ్గరికే తీసుకెళ్లండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ పోకూడదు. ప్లస్ క్లాంపు మీద ఫ్యూజుల పెట్టె ఉన్నా, మైనస్ క్లాంపుకు సన్నని వైర్ల సెన్సరు ఉన్నా వాటిని కోసి వేరేవి అతికించవద్దు, కంపెనీ విడిభాగమే వేయించండి. వారంటీ ఇంకా ఉంటే ముందు షోరూంలో అడగండి. కేబుల్ బిల్లు బండి కాగితాలతోపాటు దాచండి.

పని అయ్యాక గడియారం, రేడియో మళ్లీ సెట్ చేసుకోవాలి. ఇంజను కాసేపు ఎక్కువ తక్కువగా తిరిగినా కంగారు పడొద్దు, అది సర్దుకుంటుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. వేములవాడకో, కొండగట్టుకో రెండు ట్రిప్పులు తిరిగొచ్చాక క్లాంపు చేత్తో కదిపి చూడండి, కదిలితే ఇంకో చుట్టు బిగించండి. పాత కేబుల్ చెత్తలో వేయకండి, రాగి కిలో లెక్కన తూస్తరు.