యంత్రానికి తప్పుగా వినిపించేవి

మద్రాసులో స్పూలు టేపు తిప్పిన రోజుల నుంచి, హైదరాబాదులో ఒక లాప్‌టాప్ మీదే సినిమా పాట మొత్తం ముగించే రోజుల దాకా సౌండ్ ఇంజినీరు పనిలోనే ఉన్నాను. ఇప్పుడు స్టూడియోకి వచ్చే పిల్లలు అందరూ మొదట అడిగేది ఒకటే: “సార్, ఏఐ వాడొచ్చా?” వాడొచ్చు. నేనూ వాడుతున్నాను. అయితే ఏ బొత్తాం నొక్కబోయినా, అది మన పాటలో దేన్ని తప్పుగా ఎంచుతోందో కనుక్కుని నొక్కండి. కింద రాసినవన్నీ ఆ ఒక్క మాటకు ఉదాహరణలే.

1. పేరు చూసి మోసపోవద్దు

ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణలో పనిచేసినాయన. భూమిలోకి పంపిన ధ్వని తరంగాలు తిరిగొచ్చే తీరును బట్టి కింద ఏముందో లెక్కగట్టడం ఆయన పని. ఆ లెక్కల అనుభవాన్నే తెచ్చి మనిషి గొంతు మీద పెట్టాడు. వచ్చిన స్వరం ఏ మెట్టుకు దగ్గరగా ఉందో చూసి అక్కడికి లాగడం, అంతే. అందులో యంత్రం ‘నేర్చుకున్నది’ ఏమీ లేదు. ఇవాళ దాన్నీ ఏఐ అనేస్తున్నారు.

లాజిక్ ప్రో అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో దానంతటదే డ్రమ్స్ వాయించే ‘డ్రమ్మర్’ 2013 నుంచీ ఉంది. 2024 మేలో పదకొండో వెర్షన్ వచ్చినప్పుడు పక్కన బాస్ ప్లేయర్, కీబోర్డ్ ప్లేయర్ చేరి, అందరూ కలిసి ‘సెషన్ ప్లేయర్స్’ అయ్యారు, ఏఐ ముద్ర పడింది. ముద్ర సంగతి అమ్మేవాళ్లు చూసుకుంటారు. మనం తేల్చుకోవలసింది వేరే ఉంది: ఈ పరికరం ఎవరో రాసిపెట్టిన నియమం ప్రకారం నడుస్తోందా, లేక బోలెడన్ని పాటలు విని నేర్చుకుందా? నియమమైతే ఆ నియమమేమిటో చదవండి. నేర్చుకున్నదైతే ఎవరి పాటలు విని నేర్చుకుందో ఆరా తీయండి. పెళ్లి సంబంధానికి తీసినంత ఆరా తీసినా తప్పులేదు.

2. తంబురా దానికి రొద

రొద తీసే ప్లగిన్లు స్థూలంగా రెండు రకాలు. పాత రకం, ఆగకుండా ఒకే తీరుగా మోగేదాన్ని రొదగా లెక్కగడుతుంది: ఫ్యాను, ఏసీ, కరెంటు హమ్. కొత్త రకం, మనిషి గొంతు ఎలా ఉంటుందో నేర్చుకుని, గొంతు కానిదాన్నంతా బయటికి తోస్తుంది. ఇప్పుడు తంబురాను తలచుకోండి. ఆగకుండా మోగుతుంది, పైగా గొంతు కాదు. రెండు రకాల చేతిలోనూ దానికి ఒకటే గతి.

కచేరీ రికార్డింగు ఇచ్చి “కాస్త క్లీన్ చేయండి” అంటారు. ప్లగిన్ పెట్టగానే ఏసీ చప్పుడు పోతుంది, వినేవాడు మురిసిపోతాడు. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. గాయని పాడుతున్నంతసేపూ గొంతు వెనకాల శ్రుతి వినిపిస్తుంటుంది. ఆవిడ ఆపగానే మాయమవుతుంది. మళ్లీ ఎత్తుకోగానే తిరిగొస్తుంది. మొత్తం పోయినా నయం, వేరే తంబురా వేసుకోవచ్చు. ఈ రాకపోకలను మాత్రం ఏ చెవీ భరించలేదు. రాగం పాడేవాళ్లు ఒక స్వరం మీద ఆగి ఊరుకునేది ఆ శ్రుతి వినిపించడానికే. ఆ చోటే ఖాళీ అయితే ఆలాపన ఎటూ కాకుండా పోతుంది.

దీనికి మందు ప్లగిన్‌లో లేదు, రికార్డింగు రోజునే ఉంది. తంబురా, శ్రుతి పెట్టె మొదలుపెట్టక ముందు, అందరినీ కదలకుండా కూర్చోమని, ఖాళీ గది చప్పుడును పది సెకన్లు రికార్డు చేయండి. తర్వాత రొద తీసేటప్పుడు ఆ పది సెకన్లనే నమూనాగా చూపించండి. ఇదే రొద, దీన్నే తియ్యి అని చెప్పినట్టవుతుంది. ఫ్యాను మధ్యలో వేసినా, ఏసీ మధ్యలో మొదలైనా ఈ నమూనా పనికిరాదు. అందుకని కచేరీ మొదలవకముందే గదిని కచేరీలో ఎలా ఉంచబోతున్నారో అలాగే ఉంచండి. ‘గొంతు వేరుచేసే’ కొత్త రకం పరికరాలు పాడ్‌కాస్టులకు, ఇంటర్వ్యూలకు బ్రహ్మాండంగా పనికొస్తాయి. కచేరీ దగ్గరికి రానివ్వకండి.

ఊపిరి తీసేవి కూడా ఉన్నాయి. ప్రేమ పాటలో ఓ రెండు చోట్ల తగ్గించండి. బుర్రకథలో మాత్రం ముట్టుకోవద్దు. కథకుడు లాగిన ఊపిరిలోంచే తర్వాతి చరణం లేస్తుంది.

3. గమకం దానికి అపశ్రుతి

పిచ్ సరిదిద్దే పరికరానికి ఎవరూ చెప్పకపోతే తెలిసినవి పన్నెండు మెట్లు. తోడిలో గాంధారం అలా ఒక మెట్టు మీద నిలబడి ఉండేది కాదు. రిషభం నుంచి మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది; ఆ ఊపే గాంధారం. పరికరం సరిదిద్దే వేగం పెంచారంటే ఊయల కాస్తా మెట్లవరస అయి కూర్చుంటుంది. స్వరాలన్నీ ‘కరెక్టే’, తోడి మాత్రం ఉండదు.

పిచ్ సరిదిద్దే మెలొడైన్‌లో ఒక సదుపాయం ఉంది, మన సంగీతానికి చాలామంది దాన్నే సరిగ్గా వాడుకోరు. స్వరం నడిమి స్థానానికి ఒక పనిముట్టు, ఆ స్వరంలోని ఊపుకు వేరే పనిముట్టు. ఊపును ముట్టుకోకుండా మొత్తం స్వరాన్ని కాస్త పైకో కిందికో జరపొచ్చు. నేను ఇంకో మెట్టు పైనుంచి చూస్తాను: స్వరం స్వరం విడదీసి జరపను, సంగతి మొత్తాన్ని కలిపి జరుపుతాను. సంగతి మొత్తం జరిపినా బాగుపడలేదంటే అది ప్లగిన్ చేసే పని కాదు. ఇంకో టేక్ అడగాలి.

అన్నింటికంటే ముందు శ్రుతి సంగతి చూసుకోండి. ఒకటిన్నర శ్రుతి అని చెప్తారు, కానీ తంబురా కీబోర్డు లెక్కకు కొంచెం తక్కువలోనే మీటి ఉంటారు. గాయకుడు తంబురాతో చక్కగా కలిసి పాడితే, కంప్యూటరు తెర మీద పాటంతా ఎర్రగా తప్పులతో నిండి కనిపిస్తుంది. ముందు ఆధార షడ్జం ఎక్కడుందో దానికి చెప్పండి. సగం తప్పులు అక్కడే మాయమవుతాయి.

4. నాలుగు గంపలు

పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను, బాస్‌ను విడదీసే పరికరాలు 2019 నుంచి సామాన్యుడి చేతికొచ్చాయి. డీజర్ సంస్థ స్ప్లీటర్‌ను, ఫేస్‌బుక్ పరిశోధకులు డీమక్స్‌ను ఉచితంగా బయటపెట్టారు. ఇప్పుడు అలాంటివి లాజిక్‌లో, ఎఫ్‌ఎల్ స్టూడియోలో లోపలే ఉన్నాయి. వీటిలో చాలా పరికరాలు ధ్వనిని కాలం, పౌనఃపున్యం గళ్లుగా పరిచి, ఏ గడిలో ఏ వాయిద్యం వాటా ఎంతో ఊహిస్తాయి. ఆ ఊహ ఎక్కడి నుంచి వస్తుంది? ముందే విడి భాగాలుగా ఇచ్చిన పాటలు విని నేర్చుకున్నదాని నుంచి. ఈ రంగంలో పరిశోధకులు తమ పరికరాలను పోల్చి చూసుకోవడానికి వాడే ఎంయూఎస్‌డీబీ18 అనే పాటల కూర్పులో 150 పాటలున్నాయి. ఒక్కో పాటా నాలుగు భాగాలు: గొంతు, డ్రమ్స్, బాస్, మిగతావి. వాళ్ల సంగీతానికి ఆ విభజన సరిపోయింది. మనకు అదే నాలుగు గంపలు ఇచ్చి సర్దుకోమన్నారు.

మృదంగాన్ని అందులో వేసి చూశాను. కుడివైపు మోత డ్రమ్స్ గంపలో పడింది. ఎడమవైపు తొప్పి గుంకీ కొంత బాస్‌లోకి జారింది. ఒకే మనిషి రెండు చేతులూ రెండు ట్రాకులైపోయాయి. నాదస్వరం కొన్నిచోట్ల గొంతు గంపలో తేలింది. వాయిద్యాన్ని గొంతులా పలికించడమే విద్వాంసుడి గొప్ప కాబట్టి దీన్ని మెచ్చుకోలు కింద జమకట్టొచ్చు. వీణ, వేణువు, తంబురా అన్నీ ‘మిగతావి’లో ఒకదానిమీద ఒకటి. 2025లో లాజిక్ గిటారుకు, పియానోకు కొత్త గంపలు చేర్చింది. వీణకు ఎప్పుడో.

పాత సినిమా పాటలతో ఇంకో చిక్కు. గాయకుడు, యాభైమంది వాద్యకారులు ఒకేసారి పాడి వాయించి, మోనోలో తీసిన పాటలవి. గొంతు మైకులోకి వయొలిన్లు వచ్చేవి, వయొలిన్ల మైకులోకి గొంతు వెళ్లేది. అలాంటి పాటను విడదీస్తే ‘ఒంటరి గొంతు’ అంచులు అరిగిపోయి వస్తుంది. ఫోన్‌లో వింటే అద్భుతం, స్టూడియో స్పీకర్లలో వింటే బాధ. తీసిన గొంతు కింద అసలు పాటనే సన్నగా నడిపించండి, అరుగుదల కొంత కప్పుకుపోతుంది.

ఈ విద్యకు ఇప్పటిదాకా దొరికిన గొప్ప పని బీటిల్స్ పాట ‘నౌ అండ్ దెన్’. జాన్ లెనన్ ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న పాట. 1995లో మిగతావాళ్లు పూర్తిచేయబోయి, పియానో కింద గొంతు కూరుకుపోయి ఉండటంతో వదిలేశారు. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తమ డాక్యుమెంటరీ కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆ గొంతును బయటికి తీసింది, 2023 నవంబరులో పాట విడుదలైంది, 2025లో గ్రామీ వచ్చింది. అక్కడ యంత్రం చేసింది తవ్వకం. పాడినవాడు లెనన్, వాయించినవాళ్లు మనుషులు. చుట్టూ పియానో తప్ప వేరే వాయిద్యం లేకపోవడం కూడా కలిసొచ్చింది. దాన్ని చూపించి మన పాత పాటలకు హామీలివ్వకండి.

5. డప్పు దానికి చెవికి గుచ్చుకునే శబ్దం

మాస్టరింగ్ సహాయకుల పని పోల్చడం. మీ పాట ధ్వనిని తనకు తెలిసిన పాప్, హిప్‌హాప్, రాక్ నమూనాల పక్కన పెట్టి, ఎక్కువున్నచోట కోసి తక్కువున్నచోట పెంచుతుంది. ల్యాండర్ సంస్థ 2014లో ఈ పనిని ఆన్‌లైన్లో మొదలుపెట్టింది, ఓజోన్ ప్లగిన్‌లోకి అలాంటి సహాయకుడు 2017లో వచ్చాడు. డప్పు పాట ఇచ్చామనుకోండి. సిర్ర దెబ్బలో చురుకుదనమంతా ఎక్కడుందో సరిగ్గా అక్కడే కత్తెర పడుతుంది. ఆ పాప్, రాక్ నమూనాల్లోంచి ఏదో ఒక శైలి ఎంచుకునే బదులు, మీకు నచ్చిన జానపద రికార్డింగును నమూనాగా ఇవ్వండి. ఆ సదుపాయం ఓజోన్‌లో ఉంది, వాడేవాళ్లు తక్కువ.

మోత ఎంత ఉండాలనేదానికి దాని సలహా వినొచ్చు. స్పాటిఫై, యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర సర్దుతాయి, అంతకు మించి మీరు గుద్దినా వాళ్లు తగ్గిస్తారు. ఈ సంగతి నిర్మాతలకు అర్థమయ్యేలా చెప్పే ఏఐ ఇంకా రాలేదు.

6. తాళం

చాలా పరికరాలు నాలుగుకు నాలుగు అనుకునే మొదలవుతాయి. మిశ్రచాపులో క్షేత్రయ్య పదం పెడితే ఏడు అక్షరాలకు గళ్లు ముందే మీరు చేత్తో గీసుకోవాలి. అభినయం కోసం పాడే పదం మధ్యలో కాలం కొంచెం సాగుతుంది, అది తెలిసి చేసేది. దాన్ని గళ్లలోకి లాగొద్దు.

7. గొంతు అరువు, పాట ఎవరిది?

2024లో ‘లాల్ సలామ్’ తమిళ చిత్రంలో ఏఆర్ రెహమాన్, చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఏఐతో వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ఆయనే ప్రకటించారు. అదే ఏడాది ఆరంభంలో, ‘కీడా కోలా’ సినిమాలో తన తండ్రి బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా పునఃసృష్టించారంటూ ఎస్పీ చరణ్ ఆ చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. జూలైలో, అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే ఏఐ పరికరాల విషయంలో బాంబే హైకోర్టు ఆయనకు మధ్యంతర రక్షణ ఇచ్చింది. దారి ఎటు పోతోందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు: సంతకం లేకుండా ఎవరి గొంతూ వద్దు, ఉన్నవాళ్లదైనా పోయినవాళ్లదైనా.

ఇందులో ఎవరూ మాట్లాడని మనిషి ఇంకొకరున్నారు. స్టూడియోల్లో ఎక్కువగా నడిచేది గొంతు మార్చే పద్ధతి. ముందు ఒక ట్రాక్ సింగరు పాట మొత్తం పాడాలి. యంత్రం ఆ పాటకు అరువు తెచ్చుకున్న పెద్ద గాయకుడి నాదాన్ని తొడుగుతుంది. గమకం, ఊపిరి, మాట విరుపు, భావం అన్నీ ఆ ట్రాక్ సింగరువే. రెండు, మూడు పాఠాల్లో చెప్పినట్టు యంత్రం తప్పనుకునేవన్నీ ఇక్కడ ఆ కుర్రాడే తెచ్చి పెడుతున్నాడు, కానీ ఆల్బం మీద అతని పేరుండదు. నేను మిక్స్ చేసే పాటల్లో అలాంటి గాయకుడి పేరు పడాలని, ట్రాక్ రేటు కాకుండా పూర్తి గాయకుడి రేటు ఇవ్వాలని ముందే అడుగుతాను. కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లు వేరే ఇంజినీరును చూసుకుంటారు, వాళ్లకు కొరత లేదు.

8. కాగితాలు, ఫైళ్లు

మన కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం కంప్యూటరు తయారుచేసిన కృతికి దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త. అమెరికాలో కాపీరైటు కార్యాలయం మాత్రం, యంత్రానికి సూచనలు టైపు చేసినంత మాత్రాన హక్కు రాదని 2025 జనవరి నివేదికలో చెప్పింది. మీ పాట రెండుచోట్లా అమ్ముడుపోతుంది. కాబట్టి ఏ భాగం మనిషి కట్టాడు, ఏది యంత్రం ఇచ్చింది అన్నది సెషన్ నోట్సులో రాసి ఉంచండి. విడుదల కాని పాటను ఆన్‌లైన్ పరికరంలోకి ఎక్కించే ముందు, దాన్ని తమ శిక్షణకు వాడుకుంటారో లేదో నిబంధనల్లో చూడండి. నిర్మాతను అడగకుండా ఎక్కించకండి.

సెషన్ మూసేముందు ప్లగిన్లేవీ లేని ముడి ట్రాకులను వేరే డిస్కులో దింపుకోండి. ఈ పరికరాలు వెర్షన్ మారితే అదే సెట్టింగుకు వేరే ఫలితమిస్తాయి. ఏ ట్రాకు మీద ఏది, ఏ వెర్షన్ వాడారో అదే డిస్కులో ఒక టెక్స్ట్ ఫైలుగా పెట్టండి. రెండేళ్ల తర్వాత ఓటీటీ వాళ్లు గొంతు లేని మిక్స్ అడిగినప్పుడు వెతుక్కునేది దాన్నే.