రెయిలింగు కొనేముందు

పద్మా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. పక్షవాతంతో ఎడమపక్క పడిపోయిన మీ ఆయన మంచం మీంచి జారిపడ్డాడనీ, రెండువైపులా రెయిలింగు పెట్టించాలనుకుంటున్నాననీ అన్నావు. రాత్రిళ్లు చెయ్యి చీరచెంగుతో మంచానికి కట్టేయమని ఎవరో సలహా కూడా ఇచ్చారట. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తకు. కట్టేసిన మనిషి భయంతో ఇంకా పెనుగులాడతాడు, పొలమారితే పక్కకు తిరగను కూడా తిరగలేడు.

ఇక రెయిలింగు. వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి చూసినదాన్ని గనుక చెబుతున్నాను. కదల్లేని మనిషి దొర్లి పడకుండా అది కొంత ఆపుతుంది. మీ ఆయనకు కుడిపక్క బాగానే పనిచేస్తోంది కదా, అలాంటివాడు దాన్ని ఎక్కి దాటబోతాడు. అప్పుడు పడితే మంచం ఎత్తుకు రెయిలింగు ఎత్తు కూడా కలుస్తుంది. పరుపుకూ కమ్మీలకూ మధ్య సందులో మెడ ఇరుక్కోవడం ఇంకా ఘోరం. అమెరికాలో వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏకు 1985 నుంచి 2009 జనవరి 1 దాకా ఇలాంటి ఘటనలు 803 చేరితే, అందులో 480 మంది ప్రాణాలే పోయాయి. మంచాన్ని గోడకు జరిపి మధ్యలో జానెడు సందు వదిలినా అదే ప్రమాదం.

అసలు అతను ఎందుకు లేస్తున్నాడో చూడు. కుడి మెదడు దెబ్బతిని ఎడమపక్క పడిపోయినవాళ్లలో కొందరికి ఆ పక్క పడిపోయిందన్న ఎరుకే సరిగా ఉండదు. నిద్రమత్తులో మామూలు మనిషిలా లేచి నడవబోతారు. ఎన్నిసార్లు చెప్పినా వినడని విసుక్కుంటున్నావు గానీ, అది మొండితనం కాదమ్మా, జబ్బే అలా చేయిస్తుంది. రాత్రిపూట లేచేది చాలావరకు మూత్రానికే. నీళ్లు పగలు బాగా తాగించి, చీకటి పడ్డాక తగ్గించు. నీరు పోయే మాత్ర ఏదైనా ఉంటే పొద్దున వేయొచ్చా అని డాక్టరుగారిని అడుగు. పడుకునేముందు ఒకసారి, నడిరేయి ఒకసారి, అతను అడక్కముందే యూరిన్ పాట్ పెట్టు. పాటూ, వైర్‌లెస్ కాలింగ్ బెల్ బటనూ కుడిచేతికి అందాలి. ఎడమవైపు పెడితే అక్కడ ఉన్న సంగతే అతనికి పట్టకపోవచ్చు.

మీ అత్తగారి కాలంనాటి ఆ పందిరిమంచం తీసేయండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనేంత ఎత్తు మంచం చాలు. నేలమీద పరుపేస్తే పడే భయం ఉండదు గానీ, తెల్లారి లేపేసరికి నీ నడుం పడిపోతుంది. చిన్న లైటు వెలగనీ. లేవగానే నిలబెట్టకు, కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు కూర్చోనీ, తల తిరుగుతుంది. రాత్రి అన్నం తిన్నాక కూడా అరగంటైనా కూర్చోవాలి.

ఎడమచెయ్యి పట్టుకుని మాత్రం లాగకు, భుజం కీలు జారుతుంది. నడుం కింద మడత దుప్పటి పరిచి, దాన్ని పట్టుకుని జరుపు. మా వార్డులో కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి ఒత్తిగిలించేవాళ్లం. మీ ఆయన కుడికాలితో తన్ని తనే కొంత తిరుగుతాడు గనుక, నువ్వు అన్నిసార్లు లేవాలా వద్దా అన్నది చర్మం చూసి, డాక్టరుగారితో మాట్లాడి తేల్చుకో. పిరుదుల మీద, మడమల దగ్గర రోజూ చూడు. ఎర్రబడ్డచోట వేలితో నొక్కితే తెల్లబడాలి. నొక్కినా ఎర్రగానే ఉంటే పడకపుండు మొదలైనట్టే. అక్కడ నూనె పెట్టి రుద్దావంటే ఇంకా చెడుతుంది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టు. చలికాలమని వేణ్ణీళ్ల సంచి పెట్టకు, స్పర్శ లేని కాలు బొబ్బలెక్కినా అతనికి తెలియదు.

ఒకే మంచం మీద పడుకోవచ్చా అని అడగలేక అడిగావు. పగలు ఎంతసేపైనా పక్కన కూర్చో, రాత్రికి మాత్రం వేరే మంచం వేసుకో. అతను లేచేది కుడివైపు నుంచే గనుక నీ మంచం అటే ఉండాలి, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీతో.

మళ్లీ పడితే గబుక్కున రెక్క పట్టి లేపకు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు కదా, తలకు తగిలితే దెబ్బ చిన్నదిగా కనిపించినా 108కి ఫోన్ చెయ్యి.

నిద్రలేనిదానివి నువ్వు అతణ్ణి ఎన్నాళ్లు కాస్తావు? మీ ఆడపడుచు ఊళ్లోనే ఉంది కదా, వారానికి రెండు రాత్రులు వచ్చి పడుకోమను. నీకు మొహమాటమైతే చెప్పు, నేనే ఫోన్ చేసి అడుగుతాను. ఆ రెయిలింగు కొట్టువాడికి మాత్రం ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ