అంతర్జాలంలో చిరునామా

భూమిమీద ఏ చోటు ఎక్కడ ఉన్నదో కొలిచి నిర్ణయించడం ఒక విద్య. ఆ విద్యను నేర్పే భారత సర్వేక్షణ శాఖ శిక్షణ సంస్థ హైదరాబాదు తూర్పు భాగాన, ఉప్పల్‌లో ఉన్నది. దానికి సమీపంలోనే నాచారం పారిశ్రామికవాడ ఉన్నది. అక్కడ యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారం ఉన్నదనుకుందాం. వీధి పేరు, ప్లాటు సంఖ్య తెలిస్తే ఎవరైనా దానిని చేరుకోగలరు. మరి ఆ కర్మాగారం వెబ్‌సైటును చేరుకోవడం ఎట్లా?

వెబ్‌సైటుకు చోటు, సంఖ్య, పేరు అనే మూడూ ఉండాలి. చోటు అంటే సర్వరు. రేయింబవళ్లు పనిచేస్తూ, అడిగినవారికి వెబ్ పుటలను అందించే కంప్యూటరే సర్వరు. అందులో స్థలాన్ని అద్దెకివ్వడాన్ని హోస్టింగు అంటారు. కర్మాగారం నాచారంలో ఉన్నా, దాని సర్వరు ముంబయిలోనో సింగపూరులోనో ఉండవచ్చు.

అంతర్జాలంలో సర్వరును గుర్తించే సంఖ్య ఐపీ చిరునామా. అది 192.0.2.10 వలె నాలుగు భాగాలుగా ఉంటుంది. ఈ పద్ధతిలో సుమారు 430 కోట్ల చిరునామాలే సాధ్యం. అవి చాలకపోవడంతో మరింత పొడవైన ఐపీవీ6 చిరునామాలు వాడుకలోకి వచ్చాయి.

సంఖ్యలను గుర్తుంచుకోవడం మనుషులకు కష్టం. అందుకే 1983లో పాల్ మోకపెట్రిస్ పేర్లను సంఖ్యలతో జతపరచే డీఎన్ఎస్ వ్యవస్థను రూపొందించాడు. ‘.ఇన్’తో ముగిసే పేరును అడిగితే, మూల సర్వరు ‘.ఇన్’ సర్వరును చూపుతుంది. అది ఆ పేరు వివరాలున్న సర్వరును చూపుతుంది. చివరకు సంఖ్య లభిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. మన దేశంలో ‘.ఇన్’ పేర్ల వ్యవహారాన్ని 2003లో ఏర్పడిన నిక్సీ సంస్థ చూస్తుంది. తెలుగు లిపిలోని ‘.భారత్’ కూడా 2011లో మూల పట్టికలో చేరింది.

ఈ మూడింటిలో యజమాని అధికంగా కాపాడుకోవలసినది పేరు. హోస్టింగు సంస్థ నచ్చకపోతే పుటల ప్రతిని మరొక సర్వరుకు తరలించి, డీఎన్ఎస్‌లో కొత్త సంఖ్యను రాయిస్తే చాలు. వచ్చేవారికి ఆ మార్పు తెలియనే తెలియదు. కాని పేరు పోతే, దారే పోయినట్లు. సైటు కట్టినవాడు ఆ పేరును తన పేరిట నమోదు చేసుకుంటే, తగవు వచ్చిన నాడు యజమాని చేతిలో ఏమీ మిగలదు. పేరు శాశ్వతంగా కొన్న ఆస్తి కాదు. గడువు వరకే దానిపై హక్కు. గడువు తీరినా పునరుద్ధరించకపోతే, కొంత వ్యవధి తరువాత దానిని మరెవరైనా తీసుకోవచ్చు. ఆ పేరుతో నడిచే ఈ-మెయిళ్లు ఆగిపోతాయి. అచ్చువేసిన కార్డులు, బిల్లులు వృథా అవుతాయి.

స్థలం కొన్నవారు దస్తావేజు తమ పేరిట ఉన్నదో లేదో సరిచూసుకుంటారు. వెబ్‌సైటు పేరు విషయంలోనూ ఆ జాగ్రత్తే అవసరం. నమోదు తన పేరిట ఉండటం, గడువు తేదీ గుర్తుండటం, పుటల ప్రతి తన దగ్గర ఉండటం—ఈ మూడూ ఉన్న యజమానికి సర్వరు ఏ దేశంలో ఉన్నా భయం లేదు.