ఈస్ట్రోజెన్ సమతుల్యత – స్తనముల ఆరోగ్యము

మా చెల్పూరు ప్రాంతములోని మధ్యవయస్సు గృహిణులు ఇటీవల తరచుగా అడుగుచున్న ప్రశ్న ఒకటి కలదు. "ఈస్ట్రోజెన్ ఎక్కువైతే రొమ్ము కాన్సరు వస్తుందట గదా, దానిని తగ్గించే కషాయమేదైనా ఉన్నదా?" అని. సూటిగా చెప్పవలెనన్న అటువంటి కషాయము లేదు. కాని ఆ హార్మోను అవసరమునకు మించి శరీరములో నిలువకుండ చేసే ఆహార విహారములు మన చేతిలో ఉన్నవి. వానిని గురించియే ఈ వ్యాసము.

ఈస్ట్రోజెన్ శత్రువు కాదు. ఋతుధర్మమునకు, గర్భధారణకు, ఎముకల దార్ఢ్యమునకు అది ఆధారము. ప్రతి నెల రొమ్ములోని కణములు దాని ప్రేరణచేతనే వృద్ధి చెందును. ఈ ప్రేరణ ఎంత ఎక్కువ కాలము సాగిన, పొరపాటు కణము పుట్టుటకు అంత అవకాశము. చిన్న వయస్సులో రజస్వల అగుట, ముట్లు ఆలస్యముగా ఆగుట, ముప్పది దాటిన తరువాత తొలి కాన్పు, ఇవన్నియు ముప్పును కొంత పెంచునని చెప్పుటకు కారణమిదే. 1896లో బీట్సన్ అను స్కాట్లండు శస్త్రవైద్యుడు అండాశయములు తొలగించగా కొందరిలో రొమ్ము కాన్సరు తగ్గుటను గమనించి ప్రకటించెను. ఆ హార్మోనును వేరుచేసి చూపినది 1929లో.

మన ఋషులకు ఈస్ట్రోజెన్ ముందే తెలియునని కొందరు వ్రాయుచున్నారు. నేనందుకు అంగీకరింపను. సుశ్రుతుడు అర్బుదమును గుండ్రముగా, కదలక, లోతుగా పాతుకొని, మెల్లగా పెరుగుచు, చీము పట్టనిదిగా వర్ణించెను. ఆయన చూపునకు అందినది అది. చరకుడు స్తన్యమును, ఆర్తవమును రెండింటిని రసధాతువునకే ఉపధాతువులుగా చెప్పెను. రొమ్మునకు, ఋతుచక్రమునకు గల సంబంధమును ఆనాడే గుర్తించిరనుటకు ఇది చాలును. లేనిది అంటగట్టనక్కరలేదు.

ముట్లు ఆగిన తరువాత అండాశయములు విశ్రమించును. మరి అప్పుడు ఈస్ట్రోజెన్ ఎక్కడినుండి వచ్చును? కొవ్వునుండి. కొవ్వు కణములలోని ఒక ఎంజైము ఇతర హార్మోనులను ఈస్ట్రోజెన్‌గా మార్చును. అందుచేతనే యాభై దాటిన స్థూలకాయులలో ఈ వ్యాధి ముప్పు అధికము. మేదోవృద్ధిని మన శాస్త్రము వ్యాధిగా పరిగణించుట ఎంత సమంజసమో చూడుడు. మా ఊరిలో ఒకప్పుడు స్త్రీలు నాట్లకు, కలుపులకు నడుము వంచి రోజంతయు పనిచేసెడివారు. ఇప్పుడు కోత యంత్రము కోయుచున్నది, మిక్సీ రుబ్బుచున్నది, కాకతీయ థర్మల్ కేంద్రమునకు పోవు ఉద్యోగి ఇల్లాలు మధ్యాహ్నమంతయు టీ.వీ. ముందు కూర్చొనుచున్నది. నడవుమనగా "ఇంటిపని చేస్తున్నాను గదండీ" అందురు. అది చాలదు. నుదుట చెమట పట్టునంతవరకు, అనగా అర్ధశక్తి మేరకు, దినమునకు ముప్పావుగంట వేగముగా నడువవలెను. నడుము చుట్టుకొలత తగ్గుచున్నదా లేదా అన్నదే కొలబద్ద.

ఇక కాలేయము, ప్రేగులు. వాడిన ఈస్ట్రోజెన్‌ను కాలేయము విసర్జనకు అనువుగా మార్చి పైత్యరసము ద్వారా ప్రేగులలోనికి పంపును. అక్కడ సూక్ష్మజీవులు కొంత భాగమును విడదీయగా అది మరల రక్తములోనికి చేరును. ఆహారములో పీచు తగినంత ఉన్నచో ఈ తిరుగు ప్రయాణము తగ్గును. రెండు పూటలు తెల్లని సన్నబియ్యపు అన్నమే తినువారు ఒక పూటనైన జొన్నరొట్టె, జొన్నగట్క, కొర్రలు, తైదల అంబలి వంటివానికి మారవలెను. తోటకూర, గోంగూర, చిక్కుడు, పెసలు విరివిగా వాడుడు. ఉలవలు మేదస్సును హరించును. ఉలవచారు మంచిదే గాని, విందులలో పైన మీగడ వేసి పోయునది కాదు.

అవిసె గింజలను దోరగా వేయించి పొడి చేసి, దినమునకు రెండు చెంచాలు మజ్జిగలోనో, అన్నములోనో కలిపి తినవచ్చును. వీనిలోని లిగ్నాన్లు ప్రేగులలో బలహీనమైన ఈస్ట్రోజెన్ వంటి పదార్థములుగా మారును. ఇది ఆహారమే గాని కాన్సరుకు మందు కాదు. అవిసెలు ఉష్ణవీర్యము గలవి, గురువులు, గనుక గర్భిణులకు, రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారికి వద్దు. మలబద్ధకమున్నచో రాత్రివేళ త్రిఫలచూర్ణము మూడు గ్రాములు గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవచ్చును.

చెప్పుటకు మొగమాటముగా ఉన్నను ఒక మాట. పండుగలలో, శుభకార్యములలో కల్లు చలువ యని ఆడవారును త్రాగుట మా ప్రాంతమున కలదు. మద్యము ఏ రూపములోనైనను, కొద్దిగానైనను, రొమ్ము కాన్సరు ముప్పును పెంచును.

స్తన్యపానము తల్లికిని రక్ష. 30 దేశములలో జరిగిన 47 పరిశోధనలను కలిపి 2002లో పరిశీలింపగా, తల్లి పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ఈ వ్యాధి ముప్పు 4.3 శాతము చొప్పున తగ్గినట్లు తేలినది. ఉద్యోగమునకు పోవు కోడలికి ఆరవ నెలలోనే డబ్బాపాలు అలవాటు చేయించు అత్తగార్లు దీనిని గమనింతురు గాక.

ముట్లు ఆగిన తరువాత ఒంటి ఆవిరులకని హార్మోను మాత్రలు సొంతముగా కొని మ్రింగవద్దు. రెండు హార్మోనులు కలిసిన మాత్రలపై అమెరికాలో 16,000కు పైగా స్త్రీలతో జరిగిన పరీక్షను 2002లో మధ్యలోనే నిలిపివేసిరి. రొమ్ము కాన్సరు పెరుగుట అందుకొక ముఖ్యకారణము. వైద్యుడు అవసరమని వ్రాసినచో అది వేరు. శతావరి (పిల్లిపీచర) బాలింతలకు క్షీరవర్ధకమైన మేటి ఓషధి. కాని ఒకసారి రొమ్ము కాన్సరు వచ్చినవారు దానిని గాని, అతిమధురమును గాని, సోయా గుళికలను గాని తమ కాన్సరు వైద్యుని అడుగక వాడరాదు. వారికి ఐదు నుండి పది సంవత్సరములు ఇచ్చు టామాక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రలు ఈస్ట్రోజెన్‌ను అడ్డగించుటకే. ఆయుర్వేదము మొదలుపెట్టితిమని వానిని మానరాదు.

గడ్డ కనబడినప్పుడు మాత్రము ఇంటి వైద్యమునకు తావు లేదు. "నొప్పి లేదు గదా" యని ఆరేసి నెలలు ఆకుపసరు కట్టుకొని, చర్మము పుండు పడిన తరువాత వచ్చినవారిని నేను చూచితిని. ఆరంభములో నొప్పి లేకుండుటయే ఈ వ్యాధి లక్షణము. ముట్టు ఆగిన నాలుగైదు దినములకు, ముట్లు నిలిచినవారు నెలలో ఒక తేదీ పెట్టుకొని, అద్దము ముందు నిలిచి చూచుకొనవలెను. గడ్డ, చర్మము సొట్టపడుట, నారింజతొక్క వలె మారుట, చనుమొన లోనికి పోవుట, నెత్తురు స్రవించుట, వీనిలో ఏది కనబడినను ఆ వారములోనే చూపించుకొనవలెను. ముప్పది దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రొమ్ము పరీక్ష చేయు ఏర్పాటు కలదు. మన వైపువారికి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి దగ్గర. చికిత్సకు హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఉన్నది. పోవునప్పుడు ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితములు వెంట ఉంచుకొనుడు. తల్లికో, అక్కచెల్లెండ్రకో ఈ వ్యాధి వచ్చి యుండినచో ఆ సంగతి వైద్యునికి మొదటనే చెప్పుడు.