బిడ్డకిచ్చిన మాట



"నాన్నా, జాతరకు తీసికొనిపోదువా?" అని బిడ్డ అడుగును. పోగలమో లేదో మనకే తెలియదు. అప్పటికి తప్పించుకొనుటకై "చూతములే" అందుము. మనము మరతుము, బిడ్డ మరువదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందలి గొడగూచి కథ ఇచట స్మరింపదగినది. శివునకు పాలు ఆరగింపు చేయుమని చెప్పి తండ్రి ఊరికేగెను. ఆ బాలిక ఆ మాటను అక్షరసత్యముగా గైకొని, శివుడు త్రావకుండుట చూచి విలపించెను, శివుడు త్రావెను. తిరిగివచ్చిన తండ్రి మాత్రము ఆమె మాటను నమ్మలేదు. పెద్దల మాటపై పసివారికుండు విశ్వాసమట్టిది.

నుడికిని నడతకును భేదము కూడదనుట బసవేశ్వరుని బోధ. అది జంగముల యెదుటనే గాక బిడ్డ యెదుటను వర్తించును. కావున సంశయము కలిగినపుడు దానిని దాచక చెప్పవలెను. "సోమవారము పూజ ముగిసిన పిదప చెప్పెదను" అని గడువు పెట్టవలెను. ఆ గడువునకు, బిడ్డ మరల అడుగకమునుపే, అవుననియో కాదనియో కారణముతో తెలుపవలెను.

కాదనినచో బిడ్డ ఒక పూట యేడ్చును. ఊరక "చూతము" అనుచుండినచో మన మాటను నమ్ముటయే మానును.